మూడుదార్ల మలుపు

స్లాబు పోసేటప్పుడు కింద ఊతంగా నిలబెట్టే సవుకు కట్టెలను అద్దెకివ్వడం నా వ్యాపారం. గుడియాత్తంలో ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో గోవిందరాజు కట్టె విరిగి స్లాబు కూలిందన్న మాట ఎవరూ అనలేదు. అందుకు కారణం దేవుడు కాదు, ఒక డబ్బా ఎర్ర రంగు.

లోడు తిరిగి రాగానే ఒక్కొక్క కట్టెనూ రాతి మీద తట్టి వింటాను. మంచి కట్టె గలగలమంటుంది. లోపల పుచ్చు ఉన్నా, నెర్రె ఉన్నా మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన దాని నడుముకు ఎర్ర గీత గీస్తాను. గీత పడ్డ కట్టె ఇక మనిషి బరువు కిందికి పోదు. పందిరికో కంచెకో పోతుంది. లోపమున్న సరుకును లోపం చెప్పి ఇస్తే వచ్చే నష్టం కొంచెమే. దాచి ఇస్తే ఆ నష్టం ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మేస్త్రీలకు, కూలీలకు, నా కూతురికి కూడా నేను నేర్పింది ఈ ఒక్క మాటే. దాన్ని నేనే ఒకసారి తప్పాను.

నాకు ఒక్కతే కూతురు, జ్యోతిక. పదిహేడో ఏట నుంచి డిపో పని చూసింది. ఏ సైటులో మా కట్టెలు ఎన్ని నిలబడి ఉన్నాయో, ఎన్ని విరిగాయో పోయి చూసి రావడం ఆమె వంతు. పరదరామి వైపు పల్లెలకు ఒకరోజు, అణైకట్ వైపు ఒకరోజు, వేలూరుకు రెండు రోజులు. అంతా మోటారు సైకిలు మీదే. గంటన్నర దారిని ముప్పావు గంటలో పోయి వస్తుంటే పనిమంతురాలు అనుకున్నాను. ఆ ముప్పావు గంటలో దారి మీద ఆమె ఏం నేర్చుకుంటోందో చాలా ఆలస్యంగా తెలిసింది. ఇరవై రెండో ఏట ఒక రోజు ఇంటికి హెల్మెట్టు, తోలు చొక్కా పట్టుకుని వచ్చి, కోయంబత్తూరులో పందెం, పేరు ఇచ్చినాను అంది.

నేను లెక్క వేసి చూశాను. ఒక పక్క ఒక కప్పు, పేపర్లో చిన్న ఫోటో. ఇంకో పక్క మనిషి ఒంట్లో రెండు వందల ఆరు ఎముకలు. ఈ బేరం నాకు నచ్చలేదు. వద్దన్నాను. పోయింది. రెండేళ్లలో నాలుగు పందేలు పోయింది. ఒక్కదానికీ నేను పోలేదు.

పోయిన ఏడాది పందెమే మా దగ్గరికి వచ్చింది. దేశం నలుమూలల నుంచి పోటీదార్లు వచ్చే పెద్ద మోటారు సైకిళ్ల ర్యాలీ. శనివారం సాయంత్రం వేలూరు కోట మైదానంలో ఆరంభం, ఆదివారం పొద్దున అణైకట్ దాటి కొండ కింది దార్లలో పందెం. జనం దారి మీదికి రాకుండా మలుపుల్లో కంచె కట్టాలని చెన్నై వాళ్లు నాకే మనిషిని పంపారు. నాలుగు వందల కట్టెలు అడిగారు. కంచెకు ఎర్ర గీత కట్టెలు చాలు. వాటికి అంత పెద్ద గిరాకీ అంతకు ముందు ఎన్నడూ రాలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర కూతురితో ఒక ఒప్పందం మాట్లాడాను.

"ఈ పందెంలో మొదటి ఐదుగురిలో వస్తివా, ఇంక నేను నోరెత్తను. నువ్వు యాడికి పోతానన్నా నేనే బండెక్కించి పంపిస్తా. రాకపోతివా, బండి అమ్మేయాల. ఇంక ఆ మాట ఈ ఇంట్లో వినబడకూడదు."

"పదిమందిలో అను నాయనా. పూనే వాళ్లు, బెంగళూరు వాళ్లు వస్తుండారు."

"ఐదు."

"యాపారం చేస్తుండావే బిడ్డతో!" అంది నా భార్య కమలాక్షి, అన్నం వడ్డిస్తూ.

"సరి, ఐదే," అని జ్యోతిక ఎడమ చెయ్యి చాపింది. కుడి చేతికి అన్నం ఉంది. "అది మన దారి నాయనా. ఆ దార్లో ఏ గుంత యాడ ఉండాదో నాకు నిద్రలో కూడా తెలుసు. నువ్వు ఓడిపోతావు చూడు."

చెయ్యి కలిపాను. నేనే ఓడిపోతే బాగుండునని నాకూ లోపల ఎక్కడో ఉండింది. బయటికి మాత్రం అనలేదు.

శనివారం మధ్యాహ్నానికే నేనూ కమలాక్షీ వేలూరు చేరాం. మేం వేలూరుకు పోయేది ఎప్పుడూ రెండే పనుల మీద. ఒకటి ఆస్పత్రి, రెండు వ్యాపారం. ఏ పనీ లేకుండా పోవడం పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో అదే మొదలు. ఊరు కొత్తగా కనిపించింది. ఆస్పత్రి పక్క సందుల్లో ఎప్పుడూ బెంగాలు నుంచి వచ్చిన రోగులతో నిండి ఉండే లాడ్జీల్లో ఆ రోజు బూట్లు తొడిగిన కుర్రవాళ్లు, నూనె మరకల మెకానిక్కులు కూడా చోటు కోసం బేరమాడుతున్నారు. మేం బిరియాని తిన్నాం. పక్కన పెట్టిన వంకాయ కూరను కమలాక్షి రెండుసార్లు అడిగి వేయించుకుంది.

"ఇది మన పక్క ముళ్ల వంకాయే. మన ఊర్లో నేను చేస్తే ఒక్కరూ తినరు," అంది.

కోట చుట్టూ నడిచాం. అగడ్త గోడ మీద కూర్చుని నీళ్లలో చేపలకు బొరుగులు వేశాం. ఎండ తగ్గి గాలి తిరిగింది. కమలాక్షి చెప్పులు వదిలి కాళ్లు చాపుకుంది. "ఇంత దగ్గర్లో ఇంత బాగుండేదాన్ని పెట్టుకుని ఎన్నేండ్లు బస్టాండు నుంచే తిరిగి పోయినాము చూడు," అంది. నా జీవితంలో లాభం కింద రాసుకోదగ్గ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ సాయంత్రం వాటిలో ఒకటి. దాని ముందు మిగిలినవన్నీ ఇప్పుడు చిన్నవైపోయాయి.

మైదానంలో చెక్కలతో ఏటవాలు మెట్టు కట్టారు. ఒక్కొక్క పోటీదారూ బండి ఎక్కించి, జనానికి చెయ్యి ఊపి, దిగి పోవాలి. అరవై మందిలో ఆడపిల్లలు నలుగురు. మైకులో "మన గుడియాత్తం పొణ్ణు జ్యోతిక" అని అరిచేసరికి మైదానమంతా ఈల వేసింది. సెల్‌ఫోన్లు గాల్లోకి లేచాయి. మా అమ్మాయి హెల్మెట్టు తీసి నవ్వింది. ఆ నవ్వు చూసి పక్కనున్న ముసలాయన ఒకడు, "ఎవురి బిడ్డో, రాజాత్తి మాదిరి ఉండాది," అన్నాడు.

కమలాక్షి నా చొక్కా పట్టుకుంది. "ఇన్ని వేల కండ్లు. బిడ్డ తట్టుకుంటాదా? దిష్టి తీయాల."

"రేపు పందెం అయినాక తీస్తువులే."

"అయినాక తీస్తే ఏం లాభం? వాన పడినాక గొడుగు కొంటావా నువ్వు?"

అది వ్యాపారస్థుడికి తగిలే మాట, సరే అన్నాను. జ్యోతిక పోటీదార్ల క్యాంపులోనే పడుకోవాలి, బయటివాళ్లను రానివ్వరు. గుమ్మడికాయను మనిషి చుట్టూ తిప్పే వీలు లేకపోతే ఆమె పోయే దారికే తీసి, మూడు దార్లు కలిసే చోట కొట్టాలి. మా ఇంట్లో అదే పద్ధతి. దిష్టి తీసిన సంగతి ఎవరికి తీశామో వాళ్లతో అనకూడదన్నది ఇంకో పద్ధతి. స్లాబు పోసిన ప్రతి ఇంటి ముందూ, ప్రతి అమావాస్యకు మా డిపో ముందూ గుమ్మడికాయ కొట్టిన చేతులివి. మార్కెట్టుకు పోయి బూడిద గుమ్మడికాయల కుప్పలో ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. తేలిక కాయలు పక్కన పెట్టి, బాగా ముదిరి, నీళ్లతో గింజలతో బరువుగా ఉన్నదాన్ని ఏరాను. సరుకు ఏరడంలో నేను పొరపాటు పడను.

ఆదివారం తెల్లవారుతుండగా కంచె చూసుకునే నెపంతో టెంపోలో అణైకట్ దాటి పోయాను. కంచె కట్టినవాణ్ని కాబట్టి నన్ను ఎవరూ ఆపలేదు. పందెం దారి మధ్యలో ఒకచోట కొండ దారి, ఊరి దారి, చెరుకు తోటల దారి కలుస్తాయి. అక్కడే పెద్ద మలుపు. పందెం వాళ్లు అప్పుడే దారి ఊడ్చి, చూసుకుని, టీ తాగడానికి పోయారు. గుమ్మడికాయకు చిల్లు చేసి కుంకుమ, సున్నం నీళ్లు పోశాను. కర్పూరం వెలిగించి, దారికి మూడుసార్లు తిప్పి, మూడు దార్లూ కలిసే ఆ మలుపు లోపలి అంచున బలంగా కొట్టాను.

నేను అజాగ్రత్త మనిషిని కాను. పెద్ద ముక్కలన్నీ ఏరి గోనె సంచిలో వేసుకున్నాను. గుజ్జును కాలితో తుడిచాను. ఎర్ర తడి మాత్రం మిగిలింది. పందెం వాళ్లు చూస్తే తిడతారని దోసిలితో మట్టి తెచ్చి దాని మీద చల్లాను. రెండు దోసిళ్లు. తడి కనబడలేదు.

బండ్లు దారి మధ్యలో పోతాయి కదా అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు లోడు బండ్ల వెనక తిరిగినవాణ్ని. లారీ గానీ టెంపో గానీ మలుపు లోపలి అంచుకు రాదు, వస్తే బోల్తా పడుతుంది. పందెం బండి మాత్రం ఆ అంచునే వెతుక్కుంటుంది. ఆ సంగతి నా కూతురికి తెలుసు. ఆమె పందేలకు ఒక్కదానికి పోయి చూసినా నాకూ తెలిసేది.

తొమ్మిది గంటలకు నేనూ కమలాక్షీ ఆ మలుపు దగ్గరే కంచె వెనక నిలబడ్డాం. నిమిషానికి ఒకరు చొప్పున వదిలారు. మొదట ఏడుగురు పోయారు. వాళ్లకు దారి కొత్త. అంచున మట్టి చూసి మూరెడు ఎడంగా తిప్పుకున్నారు. ఎనిమిదోది జ్యోతిక. ఆ మట్టి కింద గట్టి తారు ఉందని ఆమెకు తెలుసు. ఆ దార్లో ఏడేళ్లు తిరిగింది. మా కళ్లెదుట బండిని నేలకు ఆనించేంత వంచి, నేరుగా ఆ అంచు మీదికి వచ్చింది.

ముందు చక్రం జారింది. బండి ఒక పక్కకు, మనిషి ఒక పక్కకు. జ్యోతిక నా కంచెకు తగిలి రెండు కట్టెలు విరిచి ఆగింది.

జనం అరిచారు. నేను కంచె దూకాను. అరవై ఏళ్ల వయసులో ఎలా దూకానో తెలీదు. ఆమె చుట్టూ అప్పటికే పందెం డాక్టర్లు చేరారు. "నాయనా, బండ్లు ఆపమను, వెనక వచ్చేవాళ్లను ఆపమను," అంటోంది. మాట వచ్చింది, ప్రాణం ఉంది అనుకున్నాను. అంతలో ఎవడో బండి చూపించి, "రత్తం, రత్తం!" అన్నాడు. ముందు టైరు అంచంతా ఎర్రగా ఉంది.

అది నెత్తురు కాదని ఆ కొండ కింద నాకొక్కడికే తెలుసు. భుజం మీది తువ్వాలు తీసి, బండిని పక్కకు లాగుతున్నట్టు వంగి, టైరు తుడిచాను. రోడ్డు మీది తడిని కూడా తుడిచాను. వెనక వచ్చేవాళ్లు జారకూడదని తుడిచానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం.

వేలూరు మళ్లీ మాకు పాత పని మీదికే వచ్చింది. మెడ కింది కంటె ఎముక, ఎడమ మణికట్టు విరిగాయి. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. పందెం వాళ్లు కాగితంలో పోటీదారు పొరపాటు అని రాశారు. ఆ కాగితాన్ని ఆమే చదివి నాకు చెప్పింది.

"తప్పు నాదే నాయనా. లోపలికి ఎక్కువ కోసినా. అందురూ ఎడంగా పోయినారు, నేనొక్కదాన్నే తెలిసినదాని మాదిరి పోయినా."

నేను చెప్పవలసిన సమయం అదే. నోరు తెరిచాను కూడా. "కమలాపండు వలిచిస్తా, తింటావా తల్లీ," అన్నాను.

కమలాక్షికి గుమ్మడికాయ సంగతి తెలుసు, మలుపులో ఏ అంచున కొట్టానో, పైన మట్టి చల్లానని తెలీదు. "ఆ కాయ కొట్టబట్టే బిడ్డ ప్రాణంతో ఉండాది," అని నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. గెంగమ్మకు కోడిని కూడా మొక్కుకుంది.

ఇంటికి వచ్చాక జ్యోతిక బండి తీయలేదు. సైట్లకు బస్సులో పోయి వచ్చేది. లెక్క తప్పేది కాదు గానీ సాయంత్రానికి నాలుగు సైట్లకు బదులు ఒకటే అయ్యేది. ఆటో ఎక్కినా మలుపు వస్తే ముందు కమ్మీ పట్టుకునేది. రోజూ మధ్యాహ్నం డిపో బల్ల మీద అగ్గిపెట్టె ఒలికించి, పుల్లలతో ఆ మలుపు పరిచేది. ఒక పుల్లను బండి చేసి జరిపేది. ఇక్కడ బ్రేకు పట్టి ఉంటే, ఇక్కడ వంచి ఉంటే. ఎటు జరిపినా చివరికి పుల్ల పడిపోయే చోటికే వచ్చేది. నేను పక్కన కూర్చుని కాఫీ తాగేవాణ్ని. నాకు కావలసింది జరిగింది. బండి షెడ్డులో ఉంది, బిడ్డ కళ్ల ముందు ఉంది. పెట్టుబడి లేకుండా వచ్చిన లాభం. అయినా ఆ అయిదు నెలల్లో నేను తిన్న అన్నం ఒంటికి పట్టలేదు.

ఒక రోజు తనే అంది. "ఒప్పందం ఒప్పందమే కదా. నాకింక బండి మీద కూచునే దైర్యం లేదు. ఆంబూరు సెల్వం అడుగుతుండాడు. వచ్చే ఆదివారం వస్తాడు."

"నిదానంగా అమ్ముదాంలే," అన్నాను.

"నువ్వే కదా రాకపోతే అమ్మేయాలంటివి. ఇప్పుడేంది?"

ఆ ఆదివారం పొద్దున పరదరామి నుంచి ఆరుముగం మేస్త్రి లోడు దించాడు. ఇరవై ఏళ్ల వాడుక మనిషి. కట్టెలు తడుతుంటే ఒకటి మొద్దుగా పలికింది. తిప్పి చూశాను. నడుము మీద ఎర్ర గీతను కత్తితో గీకేసి ఉన్నారు. పందిరికని తీసుకున్న కట్టెను స్లాబు కింద నిలబెట్టాడు.

"ఏం ఆరుముగం, ఇదేంది?"

"ఒకటి తక్కువ వచ్చినాది అప్పా. ఏం కాలేదు కదా. సుమ్మా ఊరికే అరవొద్దు."

"ఏం కాలేదా? మచ్చ ఉన్నది తప్పు కాదురా. కట్టె అన్నాక పుచ్చు ఉంటాది. మచ్చ తుడిచినావు చూడు, అది తప్పు! పైన నిలబడేవాడికి కింద ఏముండాదో తెలియొద్దా? వాడు పడితే తన కాలే జారిందనుకుని చస్తాడు కదరా!"

డిపో అంతా వినబడేలా అరిచాను. ఆరుముగం బిత్తరపోయాడు. షెడ్డులో సెల్వం కోసం బండి తుడుస్తున్న జ్యోతిక తల ఎత్తి చూసింది. అరిచిన మాట గాలిలోనే ఉంది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేకపోయాను, దాటి పోలేకపోయాను. ఆరుముగాన్ని పంపేసి షెడ్డులోకి పోయాను.

"బిడ్డా, ఆ పొద్దు ఆ మలుపులో నేను గుమ్మడికాయ కొట్టినాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. చేతిలో గుడ్డ ఆగింది.

"ఏ పక్క?"

"లోపలి అంచున."

"ఎంత మేర?"

చేతులు చాపి చూపించాను. ఆమె ఆ ఎడాన్నే చూసింది.

"మట్టి ఉండింది కదా దాని మీద."

"నేనే చల్లినాను. తడి కనబడకూడదని."

వంగి ముందు టైరు మీద చెయ్యి పెట్టింది. తర్వాత నాతో కాదు, బండితో అన్నట్టు అంది. "అయితే నేను పోయిన దారి సరిగానే ఉండింది."

ఆస్పత్రిలో ఎముక సరిచేసినప్పుడు కూడా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. అది ఊరట అని నాకు తెలుసు. అందులో నాకు భాగం లేదని కూడా తెలుసు.

"టైరు ఎర్రగా ఉండిందని ఎవురో అన్నారు. నేను చూసేటప్పటికి లేదు."

"తుడిచినాను."

"అయిదు నెలలు నాయనా," అంది ముక్కు తుడుచుకుంటూ. "అగ్గిపుల్లలు పరుస్తా ఉంటే పక్కనే కూచుని చూసినావు. కాయ కొట్టింది నేను అడగను. అమ్మ కొట్టమంటే కొట్టినావు, నా మేలుకే కొట్టినావు. పుల్లలు చూస్తా ఎట్ల కూచున్నావు?"

నా దగ్గర జవాబు ఉంది. నువ్వు బండి మానేస్తావని కూర్చున్నాను. ఆ జవాబు ఆమెకు కూడా తెలుసు, అందుకే నేను చెప్పేదాకా ఆగలేదు.

పదకొండు గంటలకు సెల్వం వచ్చాడు. "బండి అమ్మేది లేదన్నా. ఒప్పందం చెల్లదు. అవతలి మనిషి సరుకులో లోపం దాచినాడు," అంది. సెల్వం నా మొహం చూశాడు. నేను కట్టెల వైపు తిరిగాను.

ఆమె బండి బయటికి తీసింది. ఎడమ చెయ్యి క్లచ్చు మీద పూర్తిగా మూసుకోలేదు, మణికట్టు ఇంకా బిగుసుకునే ఉంది. పళ్లు బిగించి పట్టింది. మధ్యాహ్నం మూడు దాకా రాలేదు. వచ్చినప్పుడు చెప్పులకు అణైకట్ వైపు ఎర్ర దుమ్ము ఉంది. ఎక్కడికి పోయిందో అడగలేదు. వారం తిరక్కముందే వేలూరులో ఒక బిల్డరు దగ్గర సైటు చూసే పని కుదుర్చుకుని, లేడీస్ హాస్టల్లో చేరింది. డిపో తాళంచెవులు వాళ్లమ్మ చేతికి ఇచ్చింది.

పందేలకు మళ్లీ పోతోందో లేదో నాకు చెప్పదు. ఆ చెయ్యి క్లచ్చును పందెమంతా పట్టగలదో లేదో కూడా తెలీదు. కమలాక్షి నెలకు రెండుసార్లు పోయి చూసి వస్తుంది. తిరిగి వచ్చి కూతురు ఏం తిన్నదో చెబుతుంది, ఏం మాట్లాడిందో చెప్పదు.

పోయిన నెల ఆ బిల్డరు సైటుకు నా దగ్గర నుంచే కట్టెలు పోయాయి. మూడు వందలు. అన్నీ నేనే తట్టి పంపాను. స్లాబు అయ్యాక లోడు తిరిగి వచ్చింది. అందులో ఒక కట్టె నడుముకు నేను గీయని ఎర్ర గీత ఉంది. వంకర లేకుండా, నేను నేర్పినట్టే, చుట్టూ తిరిగి మొదలైన చోటనే కలిసింది.

రాతి మీద తట్టాను. మొద్దుగా పలికింది. పంపేటప్పుడు తట్టాను గానీ ఆ మొద్దు పలుకు నా చెవికి పట్టలేదు. ఇంకోసారి తట్టి, పందిరి కట్టెల్లో వేశాను.